వాయుసేనాధిపతి నుంచి గవర్నర్ దాకా: ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్

భారత వాయుసేనకు 1978 నుంచి 1981 వరకు అధిపతిగా, 1982 నుంచి 1985 వరకు మహారాష్ట్ర గవర్నర్‌గా, అటుపై 1988 వరకు ఫ్రాన్స్‌లో భారత రాయబారిగా వ్యవహరించిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ (1923-2018) హైదరాబాద్ నగరానికి చెందినవారు. యుద్ధవిమాన చోదకుడిగా జీవితం ప్రారంభించి తన దళంలో అత్యున్నత హోదాను అందుకున్న ఈ అధికారి, ఆ తరువాత స్వయంగా నిర్ణయాలు తీసుకొనే అవకాశం బహు స్వల్పంగా ఉండే రాజ్యాంగ పదవిని చేపట్టారు. మొదటి పదవి ఆజ్ఞలు జారీ చేసేది. రెండవది మంత్రిమండలి సలహా మేరకు నడచుకొనేది. గవర్నర్ల పాత్రపై చర్చ తలెత్తిన ప్రతిసారీ ఆయన ఉదాహరణ ప్రస్తావించదగినది. పాత్రికేయులు, ప్రభుత్వాధికారుల ఉపయోగార్థం ఆయన జీవిత విశేషాలను, ఆ పదవుల స్వరూపాన్ని ఇక్కడ పొందుపరచడమైనది.

తొలి సంవత్సరాలు

శ్రీ లతీఫ్ 1923 జూన్ 9న హైదరాబాద్‌లో జన్మించారు. నిజాం కళాశాలలో విద్యాభ్యాసం చేశారు. రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్న 1941లో, పద్దెనిమిదేళ్లు నిండీ నిండగానే వాయుసేనలో చేరారు. ఆ దళం పేరుకు ముందు ‘రాయల్’ అన్న బిరుదు 1945లో చేరి, దేశం గణతంత్రం కాగానే తొలగిపోయింది కనుక, ఆయన చేరిన నాటికి దాని పేరు భారత వాయుసేన అనే వ్రాయవలసి ఉంటుంది. అంబాలాలో శిక్షణ పొందిన ఆయనకు 1942 జనవరి 26న కమిషన్ లభించింది. ఆ తేదీ అప్పటికింకా గణతంత్ర దినం కాదు.

తొలి నియామకం కరాచీలోని తీర రక్షణ విభాగంలో. వాపిటి, హార్ట్, ఆడాక్స్ వంటి జంట రెక్కల పాతకాలపు విమానాలలో అరేబియా సముద్రంపై తిరుగుతూ శత్రు జలాంతర్గాముల జాడ కనిపెట్టడం అక్కడి విధి. అనంతరం బ్రిటన్‌కు వెళ్లి రాయల్ ఎయిర్‌ఫోర్స్ వద్ద శిక్షణ పొందిన కొద్దిమంది భారతీయ పైలట్లలో ఆయన ఒకరయ్యారు. హరికేన్, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలను అక్కడే అభ్యసించారు. 1944లో స్వదేశానికి తిరిగివచ్చి బర్మా యుద్ధంలో అరకాన్ రంగాన హరికేన్ విమానాలు నడిపారు. ఇరవై రెండేళ్లు నిండేసరికి పాత తరం విమానాలనూ, ఆనాటి అత్యాధునిక విమానాలనూ నడిపిన అనుభవం ఆయనకు సమకూడింది.

1947 నిర్ణయం

దేశ విభజనతో పాటు సాయుధ దళాల విభజన కూడా జరిగింది. విమానాలు, స్క్వాడ్రన్లు, సామగ్రి పంపకమయ్యాయి. ఏ దేశపు సైన్యంలో కొనసాగాలో నిర్ణయించుకోవలసిన పరిస్థితి ముస్లిం అధికారులకు ఎదురైంది. వాయుసేనలో శ్రీ లతీఫ్‌కు సహచరులైన అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ కొత్తగా ఏర్పడుతున్న పాకిస్తాన్ వాయుసేనలో చేరవలసిందిగా ఆయనను కోరారు. తరువాతి కాలంలో వీరిద్దరూ ఒకరి వెంట ఒకరు ఆ దేశ వాయుసేనకు అధిపతులయ్యారు. స్నేహం, వృత్తిలో ఉన్నతి, రెండూ ఆ ఆహ్వానంలో ఇమిడి ఉన్నాయి. శ్రీ లతీఫ్ అంగీకరించలేదు. మతానికీ దేశానికీ ముడిపెట్టడం తనకు సమ్మతం కాదన్నది ఆయన సమాధాన సారాంశం.

ఈ ఉదంతం ఆయనను గురించిన ప్రతి వ్యాసంలోనూ కనిపిస్తుంది. అయితే ఒక అంశం తరచుగా మరుగున పడిపోతున్నది. 1947 ఆగస్టు నాటికి ఆయన స్వస్థలమైన హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో చేరలేదు. సంస్థానం విలీనం కావడానికి 1948 సెప్టెంబరు వరకు, అంటే పదమూడు నెలలు ఆగవలసి వచ్చింది. తాను పుట్టి పెరిగిన ఊరు ఏ దేశంలో ఉండబోతున్నదో తేలకముందే, ఇరవై నాలుగేళ్ల ఈ అధికారి తన దేశమేదో తేల్చుకున్నారు. రాష్ట్ర ప్రజలకు సుపరిచితమైన ఆ సంక్షుభిత కాలంతో కలిపి చూసినప్పుడే ఆ నిర్ణయం బరువు తెలుస్తుంది.

స్వాతంత్ర్యానంతరం ఆయన టెంపెస్ట్ యుద్ధవిమానాలతో కూడిన 4వ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించారు. 1950లో దేశం గణతంత్రమైన సందర్భంలో ఢిల్లీ గగనతలంపై జరిగిన తొలి విమాన విన్యాసానికి అగ్రభాగాన నిలిచినవారు స్క్వాడ్రన్ లీడర్ లతీఫ్. కమిషన్ పొందిన తేదీ ఎనిమిదేళ్ల తరువాత జాతీయ పర్వదినం కావడం, ఆ సంబరంలో ఆయనే ముందు నిలవడం యాదృచ్ఛికమే అయినా చెప్పుకోదగిన విశేషం.

1951లో ఆయన వివాహం బిల్కీస్‌తో జరిగింది. ఆమె నవాబ్ అలీ యావర్ జంగ్ కుమార్తె. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి, తరువాత అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, ఈజిప్టు, ఫ్రాన్స్, అమెరికా తదితర దేశాలలో రాయబారిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు హైదరాబాద్ పాఠకులకు కొత్త కాదు. ఆయన 1970లో మహారాష్ట్ర గవర్నర్‌గా నియమితులై, 1976 డిసెంబరులో పదవిలో ఉండగానే మరణించారు.

ప్రధాన కార్యాలయం నుంచి అధిపతి స్థానానికి

1961 నుంచి 1965 వరకు శ్రీ లతీఫ్ వాషింగ్టన్‌లోని భారత దౌత్య కార్యాలయంలో వాయుసేన ప్రతినిధిగా పనిచేశారు. చైనాతో యుద్ధం ఆ మధ్యకాలంలోనే జరిగింది కనుక అది తీరిక దొరికే పదవి కాదు. తిరిగి వచ్చాక పుణే సమీపంలోని లోహెగావ్ స్థావరానికి అధిపతిగా వ్యవహరించారు. 1971 యుద్ధకాలంలో ప్రధాన కార్యాలయంలో ప్రణాళికల విభాగపు సహాయ అధిపతి బాధ్యత ఆయనది. రాబోయే ముప్పును అంచనా వేయడం, దానికి తగిన విమానాలను, ఆయుధాలను సూచించడం ఆ విభాగం పని. కార్యాలయానికే పరిమితం కాకుండా ఆయన ముందువరుస స్థావరాలను సందర్శించారు. పాకిస్తాన్ సేనలు లొంగిపోయిన సమయానికి తూర్పు రంగంలో, షిల్లాంగ్‌లో ఉన్నారు. విశిష్ట సేవలకు ఆయనకు పరమ విశిష్ట సేవా పతకం లభించింది.

ఎయిర్ మార్షల్‌గా పదోన్నతి పొంది అలహాబాద్‌లోని సెంట్రల్ ఎయిర్ కమాండ్ బాధ్యతలు స్వీకరించిన కాలంలోనే 1975లో పాట్నా నగరం వరద ముంపునకు గురైంది. ఆ కమాండ్‌కు చెందిన రవాణా విమానాలు, హెలికాప్టర్లు సహాయ కార్యక్రమాలలో పాల్గొన్నాయి. పౌర యంత్రాంగం పిలిచినప్పుడు రావడం, అప్పగించిన పని ముగించి వెనుదిరగడం అన్న సంప్రదాయం జిల్లా అధికారులకు ఇటువంటి సందర్భాలలోనే అనుభవానికి వస్తుంది.

1978 సెప్టెంబరు 1న ఆయన వాయుసేనాధిపతి పదవిని చేపట్టారు. ఆ స్థానాన్ని అధిష్ఠించిన తొలి ముస్లిం అధికారి ఆయనే. నాడు సర్వ సైన్యాధ్యక్షుడైన రాష్ట్రపతి అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి. 1981 జూన్‌లో విజయవాడలో జన్మించిన జనరల్ కె.వి. కృష్ణారావు భూసేనాధిపతి అయ్యారు. ఆయన కూడా 1923లో జన్మించినవారే. అంటే ఆ ఏడాది జూన్, జూలై, ఆగస్టు మాసాలలో రాష్ట్రపతి, భూసేనాధిపతి, వాయుసేనాధిపతి ముగ్గురూ నాటి ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు. అటువంటి కలయిక అంతకుముందు లేదు.

శ్రీ లతీఫ్ మూడేళ్ల పదవీకాలంలో ప్రధానమంత్రులు ముగ్గురు మారారు: మొరార్జీ దేశాయ్, చరణ్‌సింగ్, ఇందిరాగాంధీ. రక్షణశాఖ కూడా అదే విధంగా చేతులు మారింది. అయినా వాయుసేన ఆధునికీకరణ కుంటుపడలేదు. శత్రు భూభాగంలోకి లోతుగా చొచ్చుకుపోయి దాడి చేయగల విమానం కావాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలిగినది. బ్రిటిష్-ఫ్రెంచి జాగ్వార్, ఫ్రాన్స్ మిరాజ్ ఎఫ్-1, స్వీడన్ విగ్గెన్ పోటీలో నిలిచాయి. 1978లో జాగ్వార్‌ను ఎంపిక చేస్తూ ప్రభుత్వం నిర్ణయం తీసుకున్నది. నలభై విమానాలు సిద్ధంగా తెప్పించుకోవాలని, మిగిలినవి బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో తయారు చేయాలని ఏర్పాటు. బ్రిటన్ వాయుసేన నుంచి తాత్కాలికంగా పొందిన తొలి జాగ్వార్లు 1979 జూలైలో అంబాలా చేరాయి. వాటికి వాయుసేన ‘షంషేర్’ అని పేరు పెట్టుకున్నది. సోవియట్ యూనియన్ నుంచి మిగ్-23, మిగ్-25 విమానాల సేకరణ కూడా ఆయన చర్చలతోనే ముందుకు సాగింది. ధ్వనికి దాదాపు మూడింతల వేగంతో, సాధారణ యుద్ధవిమానాలకు అందని ఎత్తున ఎగురుతూ ఛాయాచిత్రాలు తీసే మిగ్-25లు 1981 ఆగస్టులో బరేలీ స్థావరంలో ప్రవేశించాయి. పదవీ విరమణకు కొద్ది రోజుల ముందు, యాభై ఎనిమిదేళ్ల వయసులో, శ్రీ లతీఫ్ స్వయంగా ఆ విమానంలో ప్రయాణించారు. వాపిటితో మొదలైన వృత్తి మిగ్-25తో ముగిసింది.

హోదా విషయంలో పత్రికలలో తరచూ దొర్లే పొరపాటును ఇక్కడ ప్రస్తావించడం అవసరం. ఎయిర్ మార్షల్, ఎయిర్ చీఫ్ మార్షల్ ఒకటి కావు. ఎయిర్ మార్షల్ హోదా భూసేనలోని లెఫ్టినెంట్ జనరల్‌తో సమానం. ఎయిర్ చీఫ్ మార్షల్ పూర్తి జనరల్‌తో సమానం. వాయుసేనాధిపతి ధరించే హోదా ఇదే. ఈ రెండింటికీ పైనున్న మార్షల్ ఆఫ్ ది ఎయిర్‌ఫోర్స్ హోదా 2002లో అర్జన్ సింగ్‌కు మాత్రమే లభించింది.

రాజ్‌భవన్‌లో

1981 ఆగస్టు 31న యూనిఫారం విడిచిన శ్రీ లతీఫ్, ఆరు నెలల అనంతరం 1982 మార్చి 6న మహారాష్ట్ర గవర్నర్‌గా బాధ్యతలు స్వీకరించారు. ఆయనకు ముందు ఆ పదవిలో ఉన్న ఓం ప్రకాశ్ మెహ్రా కూడా ఎయిర్ చీఫ్ మార్షలే. 1973-76 మధ్య వాయుసేనాధిపతిగా పనిచేసిన మెహ్రా, బొంబాయి నుంచి రాజస్థాన్ గవర్నర్‌గా వెళ్లారు. ఒక వాయుసేనాధిపతి ఖాళీ చేసిన రాజ్‌భవన్‌లోకి మరొక వాయుసేనాధిపతి ప్రవేశించడం అరుదైన ఘటన. బిల్కీస్ లతీఫ్‌కు అది పరిచితమైన ఇల్లే. మలబార్ హిల్ కొసన మూడు వైపులా సముద్రం ఉన్న ఆ ఆవరణలోనే ఆమె తండ్రి గవర్నర్‌గా నివసించారు.

కేంద్ర ప్రభుత్వం 1979లో ప్రకటించిన అగ్రతా క్రమ పట్టికలో గవర్నర్‌కు తన రాష్ట్రంలో నాలుగవ స్థానం; త్రివిధ దళాల అధిపతులకు పన్నెండవ స్థానం. వాయుసేనాధిపతి గవర్నర్ అయినప్పుడు ఎనిమిది మెట్లు పైకి ఎక్కినట్లు లెక్క. కానీ అధికారం సంగతి అందుకు విరుద్ధం. వాయుసేనాధిపతి ఒక్క ఉత్తర్వు ఇస్తే స్క్వాడ్రన్లు స్థావరాలు మారతాయి. గవర్నర్ పేరిట జారీ అయ్యే ఉత్తర్వులకు అంతులేదు. వాటిలో ఆయన స్వయంగా నిర్ణయించినవి వేళ్లమీద లెక్కించదగినవి. రాజ్యాంగంలోని 166వ అధికరణం ప్రకారం ప్రభుత్వ కార్యనిర్వాహక చర్యలన్నీ గవర్నర్ పేరున వెలువడాలి. ప్రతి జీవో అడుగున గవర్నర్ ఉత్తర్వు ప్రకారం, ఆయన పేరిట అన్న వాక్యం ఉండడానికి కారణం ఇదే. 163వ అధికరణం ప్రకారం, విచక్షణకు వదిలిన కొద్ది విషయాలలో తప్ప, మంత్రిమండలి సహాయ సలహాల మేరకే గవర్నర్ వ్యవహరించాలి. సుప్రీంకోర్టు 1974లో షంషేర్ సింగ్ కేసులో ఈ సంగతిని నిష్కర్షగా చెప్పింది. కనుక సాధారణ పాలనా వ్యవహారాల వార్తలలో ‘గవర్నర్ ఆదేశించారు’ అని వ్రాసే ముందు, ఆ నిర్ణయం ఎవరిదో ఒకసారి విచారించుకోవడం ఉచితం.

సైనికుడు చేసే ప్రమాణం, గవర్నర్ చేసే ప్రమాణం పక్కపక్కన పెట్టి చదివితే తేడా స్పష్టమవుతుంది. వాయుసైనికుడు రాజ్యాంగానికి విధేయుడై ఉంటానని, ప్రాణాపాయం ఎదురైనా రాష్ట్రపతి ఆజ్ఞలను, పైఅధికారుల ఆజ్ఞలను శిరసావహిస్తానని ప్రమాణం చేస్తాడు. గవర్నర్ 159వ అధికరణం కింద, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సమక్షంలో, రాజ్యాంగాన్ని, చట్టాన్ని పరిరక్షిస్తానని, రాష్ట్ర ప్రజల సేవకు అంకితమవుతానని ప్రమాణం చేస్తారు. ఈ రెండవ ప్రమాణంలో పైఅధికారి ప్రసక్తి లేదు. గవర్నర్ పదవి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కాదని, కేంద్రానికి లోబడిన స్థానం కాదని సుప్రీంకోర్టు 1979లో హరగోవింద్ పంత్ కేసులో తీర్పు చెప్పింది. అయితే నియమించేది రాష్ట్రపతి. పదవిలో కొనసాగేది రాష్ట్రపతి అభీష్టం ఉన్నంతవరకు. అంటే గవర్నర్‌కు ఆజ్ఞాపించేవారు లేరు, పదవి మాత్రం ఎప్పుడైనా పోవచ్చు. నలభై ఏళ్లు స్పష్టమైన అధికార శ్రేణిలో పనిచేసిన వ్యక్తికి ఇది అలవాటు లేని వాతావరణం.

శ్రీ లతీఫ్ పదవీకాలం ప్రశాంతంగా గడవలేదు. ఆయన బొంబాయి చేరే నాటికి దత్తా సామంత్ నాయకత్వంలో వస్త్ర మిల్లుల సమ్మె ఏడు వారాలుగా సాగుతున్నది. జనవరి 18న మొదలైన ఆ సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. ఆ మిల్లులలో తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలవారూ ఉన్నారు. తెగతెంపులు లేని ఆ సమ్మె ప్రభావం కరీంనగర్, నల్గొండ గ్రామాల దాకా వచ్చింది. ఆగస్టులో బొంబాయి పోలీసుల ఆందోళన హింసాత్మకమై సైన్యాన్ని పిలవవలసి వచ్చింది. 1984 మేలో భివండీ, బొంబాయి ప్రాంతాలలో మతకలహాలు చెలరేగాయి. మరమగ్గాల పట్టణమైన భివండీ కూడా తెలుగు నేత కార్మికులకు ఆవాసమే.

ఈ మూడు సందర్భాలలోనూ నిర్ణయాధికారం ముఖ్యమంత్రిది, మంత్రిమండలిది. మాజీ సేనాధిపతి రాజ్‌భవన్‌లో ఉన్నంత మాత్రాన శాంతిభద్రతల బాధ్యత ఆయనకు బదిలీ కాదు. గవర్నర్‌కు 167వ అధికరణం ఇచ్చినది సమాచారం పొందే హక్కు. పాలనా వ్యవహారాలను, శాసన ప్రతిపాదనలను గవర్నర్‌కు తెలియజేయడం ముఖ్యమంత్రి విధి. అడిగి తెలుసుకోవడం, ఆలోచన చెప్పడం, అవసరమైతే హెచ్చరించడం వరకే గవర్నర్ పరిధి. ఆ సంభాషణ బయటకు రాదు, రాకూడదు. అందువల్లనే సక్రమంగా పనిచేసిన గవర్నర్ గురించి పత్రికల దస్త్రాలలో దొరికే వార్తలు స్వల్పం. ఈ కొరతను ఆ గవర్నర్ నిష్క్రియాపరత్వంగా లెక్కించడం తొందరపాటు అవుతుంది.

ఆయన కాలంలో ముఖ్యమంత్రులు ఇద్దరు. ఆయన వచ్చేనాటికి బాబాసాహెబ్ భోసలే. 1983 ఫిబ్రవరి నుంచి వసంతదాదా పాటిల్. 1985 మార్చిలో శాసనసభ ఎన్నికల అనంతరం పాటిల్ మరల ప్రమాణ స్వీకారం చేశారు. అధికార పక్షానికి సభలో స్పష్టమైన ఆధిక్యత ఉన్నందున నాయకుడెవరన్న ప్రశ్న పార్టీలోనే తేలింది. గవర్నర్ విచక్షణకు పని పడలేదు.

అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగినది వేరు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ నందమూరి తారక రామారావు మంత్రివర్గాన్ని బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. ఆ నెలలోనే గవర్నర్ మారారు. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. రామ్‌లాల్ పూర్వం హిమాచల్ ప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన రాజకీయవేత్త. బొంబాయి రాజ్‌భవన్‌లోనూ, హైదరాబాద్ రాజ్‌భవన్‌లోనూ ఉన్న రాజ్యాంగ గ్రంథం ఒకటే. సభలో తేలవలసిన బలాబలాలను రాజ్‌భవన్‌లో తేల్చబోవడం వల్ల కలిగిన ఫలితాన్ని ఈ రాష్ట్రం నెల రోజులు అనుభవించింది. మెజారిటీ పరీక్షకు శాసనసభే వేదిక అని సుప్రీంకోర్టు 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో చెప్పేవరకు ఈ విషయంలో వాదోపవాదాలు ఆగలేదు. 1983లో ఏర్పాటై 1988లో నివేదిక ఇచ్చిన సర్కారియా కమిషన్, గవర్నర్‌గా నియమితులయ్యేవారు ఏదో ఒక రంగంలో ప్రముఖులై ఉండాలని, రాష్ట్రానికి వెలుపలివారై ఉండాలని, సమీప గతంలో క్రియాశీల రాజకీయాలలో పాల్గొనని వారై ఉండాలని సూచించింది. శ్రీ లతీఫ్ నియామకం ఆ నివేదిక కంటే ఆరేళ్లు ముందటిది; అయినా ఆ కొలతలన్నింటికీ సరిపోతుంది. అయితే ఆయనకు బొమ్మై వంటి సంకటం ఎదురుకాలేదని, ఎదురైతే ఏం చేసేవారో చెప్పలేమని కూడా అంగీకరించాలి.

వెలుపలివారన్న మాటకు చిన్న సవరణ అవసరం. మహారాష్ట్రలోని మరాఠ్వాడా ప్రాంతం 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. ఔరంగాబాద్, నాందేడ్, పర్భణీ, బీడ్, ఉస్మానాబాద్ జిల్లాల వృద్ధులకు హైదరాబాద్ ఒకప్పటి రాజధాని. ఆ ప్రాంత వెనుకబాటుతనంపై చర్చ కూడా ఆయన కాలంలోనే ఊపందుకుంది. ప్రాంతీయ అసమానతల పరిశీలనకు ప్రభుత్వం 1983లో దండేకర్ కమిటీని నియమించింది. అభివృద్ధి బోర్డుల ఏర్పాటు, నిధుల సమాన పంపిణీ విషయంలో మహారాష్ట్ర గవర్నర్‌కు 371వ అధికరణం కల్పించే ప్రత్యేక బాధ్యత మాత్రం 1994లో అమలులోకి వచ్చింది. ఆ అధికారం చేతిలో లేని కాలంలో శ్రీ లతీఫ్ పనిచేశారు.

గవర్నర్ సతీమణిగా బిల్కీస్ లతీఫ్ ధారావి మురికివాడలో మహిళలు, పిల్లల కోసం చేపట్టిన సేవా కార్యక్రమాలు రాజ్‌భవన్ విడిచిన తరువాత కూడా కొనసాగాయి. 2009లో కేంద్ర ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది.

1985 ఏప్రిల్‌లో శ్రీ లతీఫ్ పదవీకాలం ముగిసింది. తాత్కాలికంగా ఆ బాధ్యత స్వీకరించినవారు బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ కొండా మాధవరెడ్డి. ఆ వెంట మే చివర నియమితులైనవారు ఆంధ్రప్రదేశ్ శాసనసభ మాజీ స్పీకర్, బాపట్లకు చెందిన కోన ప్రభాకరరావు. వరుసగా ముగ్గురూ ఈ గడ్డకు చెందినవారే కావడం గమనార్హం.

మరికొందరు సేనానులు

మాజీ సేనాధిపతి గవర్నర్ కాగానే ఆ పదవి అలంకారప్రాయమే అవుతుందనుకోరాదు. ఎక్కడ, ఏ పరిస్థితిలో అన్నది ముఖ్యం. అర్జన్ సింగ్ 1989 డిసెంబరు నుంచి ఏడాదిపాటు ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్నారు. అప్పటికి ఢిల్లీకి శాసనసభ లేదు. ఆయన రాష్ట్రపతి తరఫున పరిపాలకుడు. కె.వి. కృష్ణారావు నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకు, తదుపరి జమ్ము కశ్మీర్‌కు రెండు పర్యాయాలు గవర్నర్‌గా నియమితులయ్యారు. 1993లో రెండవసారి శ్రీనగర్ వెళ్లినప్పుడు అక్కడ ఎన్నికైన ప్రభుత్వం లేదు. 1996లో ఎన్నికలు జరిగేవరకు పాలనా భారమంతా ఆయనదే. మెహ్రా, లతీఫ్‌లు పనిచేసినవి మాత్రం ఎన్నికైన మంత్రిమండళ్లు పాలించిన రాష్ట్రాలు. సరిహద్దు రాష్ట్రాలకు సేనానులను పంపడంలో ప్రభుత్వ ఉద్దేశం సులభంగా అర్థమవుతుంది. బొంబాయి, జైపూర్ రాజ్‌భవన్లకు పంపడంలో వారి యుద్ధానుభవం కంటె, పౌర ప్రభుత్వానికి లోబడి పనిచేసిన అలవాటే ఎక్కువ అక్కరకు వచ్చింది.

అనంతర కాలం

గవర్నర్ పదవి నుంచి శ్రీ లతీఫ్ నేరుగా పారిస్‌లో భారత రాయబారిగా వెళ్లారు. ఆ స్థానంలోనూ మామగారు అలీ యావర్ జంగ్ 1961-65 మధ్య పనిచేసి ఉన్నారు. మహారాష్ట్ర గవర్నర్, ఫ్రాన్స్ రాయబారి అన్న రెండు పదవులనూ మామ, అల్లుడు ఇద్దరూ నిర్వహించారన్నమాట. శ్రీ లతీఫ్ వెళ్లిన 1985లోనే ఫ్రాన్స్‌లో భారతోత్సవాలు ప్రారంభమయ్యాయి. ఫ్రాన్స్ నుంచి కొనుగోలు చేసిన మిరాజ్-2000 యుద్ధవిమానాలు స్వదేశానికి చేరడం కూడా ఆ ఏడాదే మొదలైంది. సంస్కృతి, రక్షణ రెండూ ముడిపడిన ఆ సమయంలో మాజీ వాయుసేనాధిపతి రాయబారిగా ఉండడం ఉభయ దేశాలకూ అనుకూలించింది.

1988లో ఆయన హైదరాబాద్‌కు తిరిగివచ్చి స్థిరపడ్డారు. బిల్కీస్ లతీఫ్ ‘ది లాడర్ ఆఫ్ హిజ్ లైఫ్’ పేరుతో భర్త జీవిత చరిత్రను వ్రాశారు. ఆంధ్ర వంటకాలపై ఇంగ్లీషులో ఆమె వెలువరించిన పుస్తకం కూడా పాఠకాదరణ పొందింది. ఆమె 2017లో మరణించారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 30న, తొంభై నాలుగేళ్ల వయసులో, ఎయిర్ చీఫ్ మార్షల్ లతీఫ్ హైదరాబాద్‌లో కన్నుమూశారు.